ఒకరి కూతకు ఇంకొకరు

మసేను సముద్రంలో పోయి నెల దాటింది. శవం దొరకని మనిషికి చేయాల్సిన తంతు కూడా అయిపోయింది. అయినా అతని గుండె అతని భార్య నూకాలు ఎడమ మణికట్టు మీద కొట్టుకుంటూనే ఉంది. దాన్ని అక్కడ కొట్టిస్తున్నవాడు మసేను తమ్ముడు ఎల్లాజీ. ఈ సంగతి ఎల్లాజీకి తెలుసు, నూకాలుకు తెలియదు. ఆ సాయంత్రం అతను వదిన ఇంటికి బయల్దేరింది అది చెప్పడానికే.

చెప్పాలని బయల్దేరడం అదే మొదటిసారి కాదు. వదిన ఉండే జాలారిపేట మలుపు దాకా రావడం, కొట్టు దగ్గర ఆగి టీ తాగడం, తాగిన గ్లాసు పెట్టేసి వచ్చిన బస్సే ఎక్కి వెనక్కి పోవడం, ఇలా చాలాసార్లు అయింది. చెప్పాల్సిన మాట చిన్నదే. కానీ కొన్ని మాటలు చేపముల్లులాంటివి, మింగడమూ కష్టమే, కక్కడమూ కష్టమే. ఈసారి టీ కొట్టువాడు గ్లాసు అందించబోతే ఎల్లాజీ తల అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు.

ఎల్లాజీ తండ్రి పైడయ్య తెప్పల కాలం మనిషి. అప్పట్లో ఇంజన్లు లేవు, ఫోన్లు లేవు. చీకటి పడితే పక్క తెప్ప కూడా కనపడేది కాదు. అందుకని అందరిలోకీ పెద్దవాడు ఉండుండి 'ఓ... హోయ్' అని కూత పెట్టేవాడు. తెప్పల మీదున్న ప్రతి మనిషీ తన గొంతుతో బదులు పలకాలి. ఆ కూతలో కబుర్లేమీ ఉండవు. ఉన్నావా అని అడగడం, ఉన్నానని చెప్పడం, అంతే. ఎవరి గొంతైనా వినపడకపోతే వలలు వదిలేసి అందరూ అటు తెడ్లు వేసేవారు.

ఎల్లాజీ పిల్లవాడిగా ఉన్నప్పుడు ఒకసారి అన్నతో కలిసి తెప్ప ఎక్కాడు. కూత వచ్చేసరికి మసేను కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. అన్నకి తిట్లు పడతాయని ఎల్లాజీ తన వంతు పలికి, గొంతు కాస్త బొంగురు చేసి అన్న వంతు కూడా పలికేశాడు. అన్నదమ్ముల గొంతులు ఎలాగూ ఒకే అచ్చు. కానీ పైడయ్య చెవి మామూలు చెవి కాదు. తెప్ప దగ్గరకు తెచ్చి, తెడ్డు పిడితో చిన్నకొడుకు వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఒకల కూతకి ఇంకొకలు పలక్కూడదురా! ఆడు నీట్లో పడిపోయుంటే? నీ గొంతు ఇని మేమందరం నిమ్మలంగా కూకుండిపోదుము కదరా ఎదవా!"

ఆ దెబ్బను ఎల్లాజీ వీపు ఇప్పటికీ మరిచిపోలేదు. బుర్ర మాత్రం మరిచిపోయింది. చదువు ఎక్కువైన బుర్రలకు మరుపు కూడా ఎక్కువే కాబోలు.

ఎల్లాజీ చదువుకుని ఇంజనీరై, హార్బరుకు ఎదురుగా కొండ మీదున్న ప్రయోగశాలలో చేరాడు. అక్కడ డాక్టర్ ఇందుమతి అనే ఆవిడ జంటపట్టీలు తయారుచేస్తోంది. ఒకరి నాడి, ఊపిరి, ఒంటి వెచ్చదనం ఇంకొకరి చర్మానికి అందించే పట్టీలవి. మొదట్లో చక్కిలిగింతలా ఉంటుంది. కొన్ని వారాలు పోయాక ఒళ్ళు ఆ రెండో గుండెను కూడా తనదే అనుకుని కలిపేసుకుంటుంది. పట్టీల సంగతి ఇందుమతిది. రెండు పట్టీల మధ్య లైను తెగకుండా చూడటం ఎల్లాజీ పని.

మధ్యలో ఒక సర్వర్ ఉంటుంది. అది రెండు పట్టీలనూ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటుంది. పంపడానికి కొత్తగా ఏమీ లేకపోయినా, ఉపగ్రహం మీదుగా ఉండుండి ఒక చిన్న పలకరింపు పంపుతుంది, ఉన్నావా అని. పట్టీ ఉన్నానంటుంది. కొన్ని పలకరింపులకు వరసగా బదులు రాకపోతే లైను పోయినట్టు లెక్క. పోయిన లైనును మూసేయాలి, హార్బరులో గంట మోగించాలి. ప్రోగ్రాంలో ఆ భాగానికి ఎల్లాజీ ముద్దుగా 'కూత' అని పేరు పెట్టుకున్నాడు. తండ్రి బతికుంటే చూసి మురిసిపోయేవాడని ఇందుమతితో చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

మొదటి జంటగా ఎవరినైనా వెతుకుదామంటే నూకాలే చెయ్యి చాచింది.

"ఎవల్నో ఎందుకు? మీ అన్న నీటి మీద, నాను ఒడ్డు మీద. మాకే కట్టీ."

నూకాలు ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఎల్లాజీకి ఇంకా లాగు కట్టుకోవడం సరిగా రాదు. తల్లి లేని పిల్లవాడు. తల దువ్వి బడికి పంపింది ఆవిడే, పరీక్ష ఫీజు కోసం మెడలోది తీసి ఇచ్చిందీ ఆవిడే. పిల్లలు పుట్టకపోతే 'నాకు పెళ్ళితోపాటే కొడుకొచ్చినాడు' అని నవ్వేసేది. అలాంటి వదిన చేతికి పట్టీ కడుతుంటే ఎల్లాజీకి తన చదువుకు ఇప్పటికి ఫలితం దక్కిందనిపించింది.

తర్వాత కొన్నాళ్ళు పేటంతటికీ అదే వినోదం. చేపలు కోస్తూ కోస్తూ నూకాలు కత్తిపీట మీంచి లేచి 'సూడండే, సుట్ట ముట్టించినాడు, గుండె గెంతుతంది' అనేది. 'ఇప్పుడు వల లాగుతున్నాడు', 'ఇప్పుడు తొంగున్నాడు' అని చెబుతుంటే పక్కింటి ఆడవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. మసేను ఒడ్డుకు రాగానే చుట్టల లెక్క తేలేది.

"ఒరే తమ్ముడూ, సముద్రంలోనైనా పెళ్ళాం పోరు నేకుండా ఉందును. ఆ సుకం కూడా లాగీసినావు కదరా" అని మసేను గోలపెట్టేవాడు. గోలే కానీ పట్టీ మాత్రం స్నానానికి కూడా విప్పేవాడు కాదు.

ఒకరోజు సముద్రం మీద మబ్బు దట్టంగా కమ్మింది. లైను తెగింది. సర్వర్ చేయాల్సిన పని చేసింది, పలకరించి పలకరించి లైను మూసేసింది. అదే సమయానికి హార్బరులో చేపల వేలంపాట దగ్గర నూకాలు నెత్తిన గంపతోనే నేలకూలింది. ముఖాన నీళ్ళు కొట్టాక లేచి, 'ఒంట్లోంచి ఎవలో దిగి ఎల్లిపోయినట్టు ఉంది' అంది. అక్కడ పడవలో మసేను కూడా కళ్ళు తిరిగి అంచు పట్టుకున్నాడట. మబ్బు విడిపోయాక లైను దానంతటదే కలిసింది. ఇద్దరూ మామూలుగా అయ్యారు. కానీ వానాకాలం మబ్బులు ఒకటా రెండా?

"ఎల్లాజీ, ఈ తెగుడు నాను తట్టుకోనేను. పట్టీ ఇప్పీమంటే ఇప్పనేను. ఏదోటి సెయ్యి బాబూ" అంది నూకాలు, మోచేతికి కట్టు కట్టుకుని.

ఎల్లాజీ పూడిక తయారుచేశాడు. సర్వర్‌కు అప్పటికే మసేను గుండె తీరంతా కంఠతా వచ్చు. మబ్బు పట్టిన కాసేపూ ఆ తీరులోనే సర్వర్ తనంతట తాను నాడి కొట్టి గండి పూడుస్తుంది. మసేను చేతికున్న పట్టీ కూడా అలాగే నూకాలు నాడి కొడుతుంది. ఇరువైపులా ఒకటే ప్రోగ్రాం.

"ఎల్లాజీ గారూ, ఇది అబద్ధం కాదూ?" అని ఇందుమతి అడిగింది.

"చిన్న అబద్ధం మేడమ్. మబ్బు దాటేదాకానే."

"దాటకపోతే?"

"గంట ఉంది కదా మేడమ్. పలుకు రాని సంగతి కూత కనిపెడుతుంది, గంట కొడుతుంది. ఆమెకి నొప్పి లేకుండా చూడటమే పూడిక పని."

లైను తెగేలా మసేను పట్టీని విప్పించి ఇనప డబ్బాలో పెట్టి చూశారు. పూడిక పనిచేసింది, కాసేపటికి గంట కూడా మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ పలుకు రాలేదని కూత కనిపెట్టడానికీ, పూడిక మొదలవడానికీ మధ్య ఒక్క క్షణం ఖాళీ ఉండేది. ఆ క్షణంలోనే నూకాలు ఉలిక్కిపడేది. మళ్ళీ ఒకసారి వేలంపాట దగ్గర తూలి, పక్కావిడ పట్టుకోబట్టి పడకుండా నిలబడింది. ఆ మాట ఫోన్లో వినగానే ఎల్లాజీ కుర్చీలో కూర్చుని, కూత వెనకున్న పూడికను తెచ్చి, కూతకంటే ముందు, లైను గుమ్మంలో పెట్టాడు. ఇక ఒక్క క్షణం ఖాళీ కూడా వదిన చెయ్యి దాకా రాదు.

రాలేదు కూడా. పట్టీని మళ్ళీ డబ్బాలో పెట్టారు. నూకాలు ఏమీ తెలియనట్టు నవ్వుతూ కబుర్లు చెబుతూనే ఉంది. వదిన నవ్వు చూసి ఎల్లాజీ కడుపు నిండిపోయింది. గంట సంగతి మొన్ననే చూశాం కదా అని డబ్బా మూత వెంటనే తీసేశారు.

ఇంకాసేపు ఆగి ఉంటే గంట మోగదని తెలిసేది. పూడిక గుమ్మంలోకి వచ్చాక కూతకు బయటి పలుకు వినపడే దారి లేదు. ఉన్నావా అని సర్వరే అడుగుతోంది, ఉన్నానని పూడిక పలుకుతోంది. ఆ పలుకు విని సర్వర్ ధైర్యంగా కూర్చుంటోంది. కాపలావాడి చెవిలో పాట పెట్టి, దొంగ వస్తే అరవమన్నట్టయింది.

మసేనూ దానయ్యా ఇద్దరే ఆ పూట వేటకు వెళ్ళారు. దానయ్య మసేనుకు చిన్నప్పటి జతగాడు. సాయంత్రానికి గాలివాన లేచింది. మిగిలిన పడవలన్నీ ఎలాగో ఒడ్డుకు చేరాయి, వీళ్ళ పడవ రాలేదు. తెల్లవారి పేటలో మగవాళ్ళు పెద్ద పడవలు రెండు సిద్ధంచేసి, తాళ్ళు, డీజిలు ఎక్కించారు. గాలి ఇంకా తగ్గలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారన్న నమ్మకం వాళ్ళ భార్యలకే లేదు.

నూకాలు ఒడ్డుకు వచ్చి వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"ఎల్లకండి. ఆయనకేటీ కానేదు. ఏ ఒడ్డుకో సేరి తొంగున్నాడు. గుండె నిమ్మలంగా ఉంది. ఈ గాల్లో మీరెల్లి మీ పేనాల మీదికి తెచ్చుకోకండి."

"నీకు కచ్చితంగా తెలుసా అమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

నూకాలు అక్కడినుంచే ఎల్లాజీకి ఫోన్ చేసింది. "లైను బాగున్నాదా బాబూ?" అని అడిగింది. ఎల్లాజీ తెర వంక చూశాడు. మసేను పేరు పక్కన పచ్చ దీపం వెలుగుతోంది.

"బాగుంది వదినా. పచ్చగా ఉంది" అన్నాడు.

నూకాలు ఆ మాట అందరికీ చెప్పింది. పడవల్లోంచి తాళ్ళు దించేశారు. ఎల్లాజీ కిందికెళ్ళి ఇడ్లీ తిన్నాడు. ఆ ఇడ్లీ రుచి తర్వాత అతన్ని ఎన్నాళ్ళు వెంటాడిందో చెప్పలేను.

ఆ మర్నాడు సాయంకాలం దానయ్య ఒక్కడే తిరిగి వచ్చాడు. సముద్రంలో చమురు తవ్వేచోటు నుంచి ఒడ్డుకు సామాను తెచ్చే ఓడ అతన్ని దించి వెళ్ళింది. ఒళ్ళంతా ఉప్పుకు పగిలిపోయి ఉంది. పడవ బోల్తాపడిందనీ, తామిద్దరూ ఒక రాత్రీ ఒక పగలూ దాని వీపు పట్టుకుని తేలారనీ చెప్పాడు. దూరంగా ఆ తవ్వేచోటి దీపాలు కనపడుతూనే ఉన్నాయట. ఈదుదామని దానయ్య అన్నాడు. మసేను కదలలేదు.

"నూకాలికి నా గుండె తెలుస్తాదిరా. నాకు దానిది తెలుస్తంది సూడు, తొణక్కుండా ఉంది. అంటే పడవలు బయల్దేరీసినట్టే. మనం ఈదీసి దారి తప్పితే ఆళ్ళకి దొరకం. ఉన్నకాడే ఉందాం" అన్నాడట.

చివరికి దానయ్య ఓపిక పట్టలేక ఈదాడు. ఓడవాళ్ళు అతన్ని పైకి లాగి, బోల్తాపడ్డ పడవ దగ్గరకు వెళ్ళారు. పడవ ఉంది. దాని వీపు మీద మసేను లేడు.

ప్రయోగశాలలో ఆ ప్రోగ్రాం తెరిచి చూసినప్పుడు తప్పు వెతకాల్సిన పని పడలేదు. తను ముందుకు జరిపిన ఆ ముక్క మీద కన్ను పడగానే ఎల్లాజీ వీపు మీద తండ్రి తెడ్డు దెబ్బ మళ్ళీ పడింది. పట్టుకోవడానికి ఏమీ దొరక్క నేలమీద కూర్చుండిపోయాడు. ఇందుమతి వచ్చి పక్కనే కూర్చుంది. ఆవిడ మంచి మనిషి. తప్పు నీదని అనలేదు, నీది కాదనీ అనలేదు.

"ఇక ఎవరికీ పట్టీలు కట్టం. ఉన్న జంటలవి విప్పేద్దాం" అంది. లేస్తూ, "మీ వదినగారిది ఇంకా నడుస్తోంది కదూ?" అని అడిగింది.

నడుస్తోంది. గంట మోగదు కాబట్టి ఆ లైను మూసుకోదు. అవతల చివర ఎవరూ లేని లైనును పట్టుకుని సర్వర్ అలాగే కూర్చుంది, ఉన్నావా అని తనే అడిగి, ఉన్నానని తనే చెప్పుకుంటూ. ఎవరో ఒకరు చేత్తో తెంపాలి. చెప్పకుండా తెంపితే ఆవిడ ప్రాణానికే ముప్పు రావచ్చని ఇందుమతి భయం. చెబితే ఏమవుతుందోనని ఎల్లాజీ భయం.

అతని భయానికి వేరే కారణం కూడా ఉంది. మొగుణ్ణి తన నోటితోనే చంపుకున్నానని నూకాలు నమ్ముతోంది. పేటలో కొందరు ఆ మాట పైకే అంటున్నారు. మగవాళ్ళు పడవలు తీస్తే అడ్డం పడిందని వేలెత్తి చూపిస్తున్నారు. ఆవిడ వేలంపాటకు వెళ్ళడం మానేసింది. వీధి కుళాయి దగ్గరకు కూడా అందరూ వెళ్ళిపోయాకే వెళుతోంది. ఆ నాడి అబద్ధమని చెబితే ఆ బరువు దిగిపోతుంది. అయితే ఆవిడకు మిగిలిన ఓదార్పు కూడా ఒకటే ఒకటి ఉంది. తన గుండె మొగుడికి చివరిదాకా తోడుందని దానయ్య చెప్పిన మాట అది. దాన్ని పట్టుకునే ఆవిడ రోజుకు ఒక ముద్దయినా తింటోంది. ఒక అబద్ధం విప్పితే రెండోదీ విడిపోతుంది. రెండూ ఒకే తాడు.

నూకాలు గుమ్మంలో కూర్చుని పాత వలకు చిరుగులు అల్లుతోంది. గాజులు తీసేసిన చేతులకు పట్టీ ఒక్కటే మిగిలింది. గాజులతోపాటు అదీ తీసేయమని ఆడవాళ్ళు అడిగితే ఆవిడ చెయ్యి వెనక్కి దాచుకుందట.

"రా బాబూ. మజ్జిగ తాగుతావా?"

"వద్దు వదినా."

"సిక్కిపోనావు. కొండమీద తిండి ఎడతన్నారా నేదా?" అంటూ వల పక్కన పెట్టింది. "నీకో మాట సెప్పాలి. మంది నన్ను పిచ్చిదంతారు గానీ, ఇది ఇంకా కొట్టుకుంతంది ఎల్లాజీ. నీ యంత్రం ఏదో మంచి యంత్రమే. ఆయన పోనా ఆయన గుండెని దాసి ఎట్టింది." పట్టీ మీద వేలు పెట్టింది. "నాకే దీని బాస తెల్లేదు. నిమ్మలంగా ఉందనుకున్నాను. నీట్లో పడి అలిసిపోయిన గుండె కూడా నిమ్మలంగానే కొట్టుకుంతాదని నాకు తెల్దు కదా. నా సేతిమీద నా మొగుడు ములిగిపోతంటే, తొంగున్నాడని సెప్పి పడవలు ఆపించీసినాను."

ఇక ఒక్క క్షణం ఆగితే మళ్ళీ టీ కొట్టే గతి అని ఎల్లాజీకి తెలుసు.

"వదినా, నీకు బాస తెలీకపోవడం కాదు. అది అన్న గుండె కాదు."

నూకాలు అతని ముఖం చూసింది.

"గాలివాన లేచినప్పుడే లైను తెగిపోయింది. అక్కణ్ణుంచీ నీ చేతిమీద కొట్టుకున్నది అన్న గుండె కాదు. నువ్వు పడిపోతున్నావని నేను పూడిక పెట్టాను చూడు, అది. కాసేపే ఉండాలి. ఉండి, గంట కొట్టాలి. నేను దాన్ని పెట్టకూడని చోట పెట్టాను. గంట మోగలేదు. నువ్వు ఫోన్ చేసి లైను బాగుందా అంటే పచ్చగా ఉందన్నాను. నువ్వు తప్పు చెప్పలేదు వదినా. నీ చేతికి వచ్చిందే తప్పు. అది నేను పంపిందే."

వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"అయితే ఆ రొండ్రోజులూ నా సేతిమీద ఉన్నది..." అని ఆగింది. "నాను దాన్ని గుండెలకి ఆనించుకుని తొంగున్నానురా. ఒగ్గీసి పోకయ్యా అని బతిమాలుకున్నాను. మొగుడూ పెళ్ళాలు సెప్పుకునే మాటలన్నీ సెప్పుకున్నాను. అది నువ్వు ఎట్టిన యంత్రమా?"

ఎల్లాజీ తల వంచుకున్నాడు.

పేటవాళ్ళు అన్న మాటల బరువు దిగిన జాడ ఒక్క క్షణం ఆవిడ ముఖంలో కనపడింది. భుజాలు కొంచెం కిందికి జారాయి. ఆ ఒక్క క్షణం కోసమే ఎల్లాజీ వచ్చాడు. అక్కడితో ఆగిపోతే బాగుండునని మనసులో కోటి దేవుళ్ళకు మొక్కుకున్నాడు. కానీ నూకాలు మందమతి కాదు. ఆవిడ కళ్ళు మెల్లగా పట్టీ మీదికి దిగాయి.

"మరైతే ఆయన సేతిమీద కొట్టుకున్నది?"

ఎల్లాజీ పక్కనున్న వల ముడిని వేళ్ళతో నలిపాడు.

"సెప్పు. నాను ఇక్కడ తెల్లారి సుట్టూ పడవలోళ్ళు మూగితే గుండదడతో సస్తన్నాను. గాలి మోత ఇంటే నా గుండె గెంతింది. ఆయనకి తొణక్కుండా ఉందని తెలిసిందని దానయ్య సెప్పినాడు. అది నాది కాదు కదా?"

"కాదు వదినా."

"నా గుండె అదురు ఆయనకి తెలిసుంటే..."

"తెలిసుంటే ఈదేవాడు" అన్నాడు ఎల్లాజీ. ఆ మాట తనే చెప్పాలి, ఆవిడ చేత చెప్పించకూడదు అనుకున్నాడు. ఆ పాటి మర్యాదైనా మిగిలింది అతనిలో.

నూకాలు ఏడవలేదు. వలని మడతపెట్టి గోడవారగా పెట్టింది. పెట్టినదాన్ని మళ్ళీ తీసి ఇంకోలా మడిచింది. ఎల్లాజీ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వచ్చి అలాగే కూర్చునేవాడు. అప్పుడు నెత్తిన ఒక మొట్టికాయ పడేది, ఆ వెనకే అన్నం పడేది. ఇప్పుడు మొట్టికాయ కోసం అతని తల ఆశగా ఎదురుచూసింది. అది పడలేదు.

"దీన్ని ఎలగ ఆపాల?" అని అడిగింది చివరికి.

"ఒక్కసారిగా తెంపితే నీ ఒంటికి మంచిది కాదంటున్నారు మేడమ్. నెమ్మదిగా, రోజుకి కొంచెం తగ్గించుకుంటూ..."

"రోజుకి కొంచెం సంపుతావా?"

ఎల్లాజీ ఆవిడ పాదం మీద చెయ్యి వేశాడు.

"నిన్ను తిట్టనేను బాబూ. ఈ సేత్తో అన్నం ఎట్టినాను. నా మేలు కోరే సేసినావని కూడా తెలుసు, అదే నన్ను నిలవనీటం నేదు. నాను పడిపోతే పడిపోదును. మోసెయ్యి ఇరిగితే ఇరిగీది. ఆ నొప్పి ఉండుంటే గాలివాన రోజు నేలకూలిపోదును, పేటంతా పడవలెక్కీసును." లేచి నిలబడి కొంగు బిగించింది. "నడు, ఒడ్డుకి."

పొద్దు వాలిపోతోంది. ఇసుక మీదికి లాగిన పడవల మధ్య నుంచి ఇద్దరూ నడిచారు. వలలు విదిలిస్తున్న మగవాళ్ళు నూకాలును చూసి తప్పుకున్నారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఎల్లాజీ ఆగి, అందరికీ వినపడేలా, ఆ రోజు పచ్చగా ఉందని చెప్పింది తానేననీ, పట్టీలో తప్పు తనదేననీ, వదినకు ఏ పాపమూ తెలియదనీ చెప్పాడు. దానయ్య ఒక్కడే వల వదిలేసి దగ్గరికి వచ్చి, వాళ్ళ వెనకే నడిచాడు.

నీళ్ళు పాదాలకు తగిలేచోట నూకాలు ఆగింది.

"పెళ్ళైన కొత్తలో మీ అయ్య నాకు కూత నేర్పినాడు. ఆడోళ్ళకెందుకని మీ అన్న నవ్వినాడు. నాను ఇప్పుడు పిలుత్తాను. ఆయన పలక్కపోతే నువ్వు తెంపీ." అతని వైపు తిరిగింది. "నీ గొంతూ ఆయన గొంతూ ఒక్కలాగే ఉంతాది. ఎంత జాలేసినా నువ్వు పలక్కు."

ఎల్లాజీ ఫోన్ తీసి చేత్తో పట్టుకున్నాడు. దానయ్య ఆవిడ వెనక్కి వచ్చి, పడిపోతే పట్టుకోవడానికి చేతులు చాపి నిలబడ్డాడు.

నూకాలు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. "ఓ... హోయ్."

సన్నని గొంతు. అలల మీద ఎంతో దూరం పోలేదు. ఆవిడ తల పక్కకి వంచి చెవి పెట్టింది. మణికట్టు మీద పట్టీ మాత్రం తొణక్కుండా కొట్టుకుంటోంది. ఆవిడ దాన్ని చూడలేదు, సముద్రాన్నే చూసింది. మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు మధ్యలో చీలిపోయింది.

ఎల్లాజీ కడుపులోంచి అన్న గొంతు పైకి ఎగదన్నుకొచ్చింది. ఒక్క 'ఓ' అంటే చాలు, ఆ ముఖం వెలుగుతుంది. పళ్ళు బిగించి, ఫోన్లో లైను తెంపే మీట నొక్కాడు.

నూకాలు నిలువునా కూలింది. దానయ్య పట్టుకుని ఇసుకలో కూర్చోబెట్టాడు. ఆవిడ ఒళ్ళంతా వణికింది, చాలాసేపు వణుకుతూనే ఉంది. ఆ తర్వాత పట్టీ విప్పి ఎల్లాజీ చేతిలో పెట్టి, ఖాళీ మణికట్టును రెండో చేత్తో పట్టుకుని అప్పుడు ఏడ్చింది. నెల దాటాక, మొగుడు పోయిన ఆడదిలా మొదటిసారి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక మళ్ళీ సముద్రం వైపు తిరిగి, బొంగురుపోయిన గొంతుతో, ఇంకొక్కసారి పిలిచింది.

దానయ్య పలకలేదు. వలలు విదిలించే మగవాళ్ళు పలకలేదు. ఎల్లాజీ పట్టీ పట్టుకుని, వదిన పక్కనే నిలబడి, పలక్కుండా ఉన్నాడు.